బొట్టు పెట్టి పిలిచిన ఎక్స్‌రే

నరసాపురంలో మర్యాద కొంచెం ఎక్కువే. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషికి కూడా అది జరగాలి, జరుగుతున్నట్టు నలుగురి కంటా పడాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు వట్టి చేతులతో రాకూడదు. డాక్టరు పేరు పెట్టి పిలిస్తే చివర గారు తగిలించాలి. ఈ మర్యాదల్లోకి ఈమధ్య కొత్తది ఒకటి వచ్చి చేరింది. అది పోర్టబుల్ ఎక్స్‌రే.

చక్రాల మీద తోసుకుంటూ మంచం దగ్గరికే తీసుకెళ్ళే యంత్రం అది. కదిపితే ప్రాణం మీదికి వచ్చేవాళ్ళ కోసం, ఐసీయూలో గొట్టాల మధ్య ఉన్నవాళ్ళ కోసం కొన్నారు. జనం దాన్ని వేరేగా చూశారు. "మా మావయ్యగార్ని కిందకి దిగక్కర్లేదన్నారండి, మిషనే పైకి వచ్చిందండి" అని ఫోన్లలో బంధువులకు చెప్పుకున్నారు. దాంతో కింద ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద కూర్చోవడం నామోషీ అయిపోయింది. జలుబు చేసినవాడు కూడా పోర్టబుల్ కావాలనేవాడు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని డాక్టర్లు రాసిచ్చేసేవాళ్ళు.

ఈ పిచ్చికి అడ్డం నిలబడిన మనిషి నూకరత్నం. ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌రే టెక్నీషియన్. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పోర్టబుల్ కావాలని చీటీ వస్తే ముందు వార్డుకు ఫోన్ చేసి ప్రశ్నలు అడిగేది. వెంటిలేటర్ మీద ఉన్నారా? ఆక్సిజన్ తీస్తే లెవెల్ పడిపోతోందా? కదిపితే ప్రమాదమని డాక్టర్‌గారు అన్నారా? అన్నిటికీ కాదనే జవాబు వస్తే చివరి ప్రశ్న అడిగేది. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడ సొంతం. "బాత్‌రూమ్‌కి ఎలా వెళ్తున్నారండి?"

"నడిచే వెళ్తున్నారండి."

"అంతదూరం నడిచినవారు నా గదికి చక్రాల కుర్చీలో కూర్చుని రాలేరాండి?"

ఒకసారి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన అసలు లేవలేకపోతున్నారని మూడుసార్లు ఫోన్ వచ్చింది. రత్నం యంత్రం తోసుకుంటూ వెళ్తే మంచం ఖాళీ. ఆయన క్యాంటీన్‌లో రెండో పెసరట్టు తింటున్నాడు. పక్కన నిలబడి, ఆయన చెయ్యి కడుక్కున్నాక, అక్కణ్ణించి అటే తన గదికి తీసుకెళ్ళిపోయింది. అలాగని ఆ యంత్రం మీద ఆవిడకి కోపమేమీ లేదు. ఐసీయూ నుంచి పిలుపు వస్తే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేది. నిజంగా అవసరమైనవాడికి అది ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదనే మిగతావాళ్ళతో ఆ పోట్లాటంతా.

అటువంటి నూకరత్నం ఒకే ఒక్కసారి జారింది. పెద్దింట్లమ్మ దగ్గర.

పెద్దింట్లమ్మ చేపల మార్కెట్లో నలభై ఏళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చుని అమ్ముతున్న మనిషి. ఆవిడ కేక వేస్తే మార్కెట్ అవతల రోడ్డు మీద సైకిళ్ళు ఆగేవి. రత్నం వాళ్ళది ఆవిడ ఇంటి పక్క ఇల్లే. చుట్టరికం దూరమైనా పిలుపు అత్తా, కోడలా అనే. రత్నం డిప్లొమా చదవడానికి కాకినాడ వెళ్తానంటే పేటలో పెద్దలంతా కాదన్నారు. చేపల వేట మీద బతికేవాళ్ళ ఆడపిల్లకు ఎముకల ఫోటోలు తీసే చదువేంటన్నారు. పెద్దింట్లమ్మ ఆ రోజు చేపల గంప ఇంట్లో దించేసి, పిల్లని చెయ్యి పట్టుకుని బస్సెక్కించి వచ్చింది. వచ్చి, కాదన్నవాళ్ళందరికీ వాళ్ళ గుమ్మాల ముందే సమాధానం చెప్పింది.

మొన్న సోమవారం ఆవిడకి జ్వరం, దగ్గు. ఆసుపత్రిలో చేర్చారు. డ్యూటీ డాక్టరు ఉదయ్‌భాస్కర్ ఛాతీ ఎక్స్‌రే రాశాడు. పోర్టబుల్ అని రాయలేదు, మామూలుగానే రాశాడు. చీటీలో పేరు చూసి రత్నం రెండో అంతస్తుకి పరిగెత్తింది. జ్వరానికి మొహం వాడిపోయి, దుప్పటి కప్పుకుని పడుకున్న అత్తను చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ఆక్సిజన్ బాగానే ఉంది. పొద్దుట రెండుసార్లు బాత్‌రూమ్‌కి నడిచి వెళ్ళిందని పక్కమంచం ఆవిడ చెప్పింది కూడా. అయినా రత్నం ఆ ప్రశ్న వెయ్యలేదు. అత్తని బెంచీ మీద వరసలో కూర్చోపెట్టడమా అనుకుంది. కిందకి వెళ్ళి యంత్రం తెచ్చింది.

వార్డులో ఆడవాళ్ళందరూ లేచి కూర్చుని చూశారు. పెద్దింట్లమ్మ ఆ జ్వరంలోనే నవ్వింది. "నా కోసం మిషనే తెచ్చేశావా ఏంటే?" అంది. రత్నానికి ఛాతీ ఉప్పొంగింది. సగం కూర్చోపెట్టి, వీపు వెనక ప్లేటు పెట్టి, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఒక ఫిల్ము తీసేసింది. ఆ సంబరంలో ఫిల్ము మీద మంచం దగ్గర తీసిందని గుర్తు పెట్టడం మర్చిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ మర్చిపోని పని.

ఉదయ్‌భాస్కర్ మంచి కుర్రాడే. రాత్రంతా నిద్రలేదు, ఆ పొద్దుట నలభై మంది రోగులు. చీటీ మామూలుది, ఫిల్ము మీద గుర్తు లేదు, కాబట్టి నిలబెట్టి తీసిందనే అనుకున్నాడు. అందులో గుండె నీడ ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉంది. ఊపిరితిత్తుల అడుగు మసక మసకగా ఉంది. ఆవిడ పాదాలు నొక్కి చూస్తే కాస్త వాపు. జ్వరానికి మందులు రాసి, గుండె వాచినట్టుందని కూడా చెప్పాడు. రాజమండ్రి నుంచి గుండె డాక్టరు వచ్చే వారం వస్తారు, స్కాన్ చేస్తారు, అప్పటిదాకా ఉప్పు లేని తిండి, మంచం దిగొద్దు, బరువు ఎత్తొద్దు అన్నాడు. మార్కెట్ మాట ఎత్తితే, "ఇంకా ఎందుకండి ఆ కష్టం, ఇంటి దగ్గర ఉండండి" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు.

ఇదంతా రత్నానికి గురువారం దాకా తెలియదు. నడిమి రెండు రోజులూ భీమవరంలో ట్రైనింగ్‌కి వెళ్ళింది. గురువారం డ్యూటీ దిగాక అత్తని చూద్దామని పైకి వెళ్తే, జ్వరం తగ్గింది కానీ మనిషే తగ్గిపోయి ఉంది. చప్పిడి జావ గిన్నె పక్కన ముట్టకుండా ఉంది. గోడకేసి తిరిగి పడుకుంది.

"నా పని అయిపోయిందే రత్నం" అంది ఇటు తిరక్కుండానే. "గుండె వాచిందంట. ఉప్పుచేపలమ్మి ముగ్గుర్ని పెంచినదాన్ని, ఉప్పు నాకొద్దంటన్నారు."

పెద్దకొడుకు అబ్బులు రత్నాన్ని వరండాలోకి పిలిచాడు. "వదినా, అమ్మ ఇంక మార్కెట్‌కి ఎల్లదు. బల్ల మా పిన్ని కూతురికి ఇచ్చేద్దామనుకుంటన్నాం. ఆదివారం వస్తానంది" అన్నాడు. చెప్తుంటే వాడి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. బల్ల ఒకసారి చెయ్యి మారితే మళ్ళీ రాదు. మార్కెట్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మెట్ల దగ్గర పెద్దింట్లమ్మ మొగుడు బుల్లియ్య కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుగా పెళ్ళాం కేకలు విని తలకాయ నొప్పి అని ఊరందరితో చెప్పుకున్న మనిషి. "ఇంట్లో చప్పుడు లేదమ్మా. నిద్ర పట్టటంలేదు" అన్నాడు.

రత్నం కిందకి వెళ్ళి కంప్యూటర్‌లో ఆ ఫిల్ము తెరిచింది. ఒక్క చూపు చాలింది. భుజం ఎముకలు ఊపిరితిత్తుల మీద పడి ఉన్నాయి. గాలి సగం కూడా పీల్చలేదు. గుండె ఎందుకంత వెడల్పుగా కనిపిస్తోందో ఆవిడకి తెలుసు, ఆ గుండె నిజంగా ఎంత ఉందో మాత్రం ఈ ఫిల్ము చెప్పదనీ తెలుసు. ఫిల్ము మూల గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక కూర మాడ్చింది, మొగుడి మీద అరిచింది, తర్వాత ఏడ్చింది.

శుక్రవారం ఊపిరితిత్తుల డాక్టరు సత్యవాణిగారు వచ్చే రోజు. ఆవిడ కారు దిగేసరికి రత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"తప్పు చేశానండి" అని మొదలుపెట్టి అంతా చెప్పేసింది. నడవగలిగిన మనిషికి పోర్టబుల్ తీసుకెళ్ళడం, గుర్తు పెట్టకపోవడం, ఏదీ దాచలేదు.

సత్యవాణిగారు ఉదయ్‌భాస్కర్‌ని కూడా పిలిచి, ముగ్గురూ కలిసి ఫిల్ము చూశారు. "దీపం ముందు చెయ్యి పెడితే గోడ మీద నీడ పడుతుంది కదండీ" అందావిడ. "చెయ్యి గోడకి ఆనించి, దీపం దూరంగా పెడితే నీడ చెయ్యంతే ఉంటుంది. చెయ్యి గోడకి దూరంగా, దీపానికి దగ్గరగా పెడితే నీడ పెద్దదైపోతుంది. మంచం మీద జరిగేది అదే. ప్లేటు వీపు వెనక, గుండె ముందువైపు, మిషను దగ్గరగా. పైగా పడుకున్న మనిషి గాలి నిండుగా పీల్చలేరు. కదల్లేని మనిషికైతే ఆ నీడతోనే సర్దుకుంటాం, గుర్తు చూసి ఆ లెక్కన చదువుకుంటాం. రాగలిగిన మనిషికి ఇది ఎందుకు చేశారు?"

"మర్యాదకండి" అంది రత్నం.

ఉదయ్‌భాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనూ అడగాల్సిందండి. అడగలేదు" అన్నాడు.

సత్యవాణిగారు ఇద్దర్నీ తిట్టలేదు. అదే ఇద్దరికీ ఎక్కువ బాధ అనిపించింది. "గుండె బాగానే ఉందని నేనిప్పుడు చెప్పలేను, బాగాలేదనీ చెప్పలేను. కిందకి తీసుకొచ్చి నిలబెట్టి తియ్యండి. చూద్దాం" అంది.

తీరా పైకి వెళ్తే ఎవరూ కదలనివ్వలేదు. "గుండె వాచిన మనిషిని కిందకి దింపుతారా వదినా? మిషన్ పైకే తెండి, మొన్న తెచ్చారు కదా" అన్నాడు అబ్బులు. మంచం మీద తీసిన ఫిల్ము వల్ల గుండె జబ్బు అన్నారు. గుండె జబ్బు కాబట్టి మంచం దిగకూడదు. మంచం దిగకపోతే మళ్ళీ మంచం మీదే తియ్యాలి. ఎంతకాలం తిరిగినా ఇది తెమిలేది కాదు. ఉదయ్‌భాస్కర్ వచ్చి బీపీ చూసి, ఆక్సిజన్ చూసి, వెళ్ళొచ్చండి, నేనూ పక్కనే వస్తానన్నాడు. సత్యవాణిగారి ఆర్డరని కూడా చెప్పాడు. అబ్బులు మెత్తబడ్డాడు. పెద్దింట్లమ్మే మెత్తబడలేదు.

"నేను లెగలేనే" అంది. "లెగితే ఏదో అయిపోద్ది. నన్నిలా ఉండనీ."

నలభై కిలోల గంప ఒంటి చేత్తో దింపిన మనిషి ఆ మాట అంటుంటే రత్నం వినలేకపోయింది. బతిమాలింది. చీవాట్లు పెట్టింది. ఏదీ పనిచెయ్యలేదు. మెట్లు దిగుతూ, అత్త ఎవరి మాటకి లొంగుతుందా అని ఆలోచించింది. మనుషులెవరూ తట్టలేదు, పాత సంగతొకటి తట్టింది. చెల్లెలి కోడలి సీమంతానికి ఫోన్‌లో పిలిచారని అత్త వెళ్ళనే లేదు. మర్నాడు చెల్లెలు స్వయంగా వచ్చి బొట్టు పెడితే అప్పుడు కదిలింది. గడపలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే మాత్రం శత్రువు ఇంటికైనా వెళ్ళేది. వెళ్ళకపోతే పిలిచినవాళ్ళకి అవమానమని ఆవిడ నమ్మకం.

రిసెప్షన్‌లో లక్ష్మీదేవి పటం ముందు కుంకుమ భరిణె ఉంటుంది. రత్నం అది తీసుకుంది. తెల్లకోటు విప్పి చీర సవరించుకుంది. ఎదురుగా పళ్ళ బండి దగ్గర అరటిపళ్ళు, తమలపాకులు కొని తన గదిలో పెట్టించింది. ఆ తర్వాత రెండో అంతస్తుకి వెళ్ళి, మంచం ముందు నిలబడి, పేరంటానికి పిలిచే గొంతుతో అంది.

"అత్తా, బొట్టు పెడతాను, లేచి కూర్చో. మా గదికి పిలవడానికి వచ్చాను. ఇరవై రెండేళ్ళయింది నేనక్కడ పనిచెయ్యబట్టి, ఒక్కసారీ నా గది చూడ్డానికి రాలేదు నువ్వు."

పెద్దింట్లమ్మ తిరిగి చూసింది. భరిణె చూసింది, కోటు లేని రత్నాన్ని చూసింది. అలవాటైన చెయ్యి తనంతట తనే జుట్టు సవరించుకుంది. మెల్లగా లేచి కూర్చుని నుదురు ముందుకు వంచింది. బొట్టు పెట్టించుకున్నాక గానీ ఎక్కడికి ఒప్పుకుందో ఆవిడకి తెలిసినట్టు లేదు.

"ఎంత గడుసుదానివే నువ్వు" అంది.

"పిలిచాను, ఇంక నీ ఇష్టం" అంది రత్నం.

ఇంతలో పక్కమంచాల నుంచి ఇంకో గొడవ లేచింది. వార్డులో అందరి ముందూ ఒక్కరికే బొట్టు పెడితే మిగతావాళ్ళ సంగతేంటని. "మేము ముత్తయిదువులం కామాండి?" అని కిటికీ పక్కావిడ అడిగేసింది. రత్నం నాలుక కరుచుకుని అందరికీ బొట్టు పెట్టింది. ఎక్స్‌రే మాత్రం అత్తకొక్కదానికే, మీరు తోడు రండి చాలు అని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నడవగలిగిన ఇద్దరు బయల్దేరారు. కుర్చీలో పెద్దింట్లమ్మ, తోస్తూ అబ్బులు, పక్కన నాడి పట్టుకుని ఉదయ్‌భాస్కర్, వెనక కుంకుమ బొట్లతో ఇద్దరు ఆడవాళ్ళు, అందరికంటే వెనక బుల్లియ్య. లిఫ్ట్ దగ్గర జనం ఎవరి పెళ్ళోనని పక్కకి తప్పుకున్నారు.

గదిలో రత్నం అందర్నీ బయట నిలబెట్టి తలుపు వేసింది. అత్తని కుర్చీలోంచి లేపింది. లేచింది, ఏమీ కాలేదు. రెండడుగులు వేసి ప్లేటుకి ఛాతీ ఆనించింది. గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు తోయించింది.

"గాలి నిండా పీల్చు అత్తా."

పెద్దింట్లమ్మ భయంభయంగా కాస్త పీల్చింది.

"అలా కాదు. మార్కెట్లో కేక వెయ్యడానికి ముందు ఎంత పీలుస్తావో అంతా పీల్చు. కేక మాత్రం నేను చెప్పేదాకా వెయ్యకు."

రత్నం అద్దం వెనక్కి వెళ్ళింది. పెద్దింట్లమ్మ వీపు పైకి లేచింది. పక్కటెముకలు విచ్చుకున్నాయి. రత్నం బటన్ నొక్కింది.

"చాలత్తా, వదిలెయ్."

పెద్దింట్లమ్మకి వదలడమంటే ఒక్కటే తెలుసు. "పండుగప్పలండోయ్... చందువాలండోయ్..." అని నాలుగు రోజులుగా లోపల ఉన్నదంతా వదిలేసింది. గది దాటి, వరండా దాటి, మందుల కౌంటర్ దాటి వెళ్ళిందా కేక. ఒకాయన నిజంగానే తలుపు దగ్గరికి వచ్చి చందువా చేపలు కిలో ఎంతని అడిగాడు. బెంచీ మీద వాళ్ళు నవ్వులే నవ్వులు. బుల్లియ్య మాత్రం గోడకి ఆనుకుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఫిల్ము తెర మీదకి వచ్చేసరికి సత్యవాణిగారు కూడా వచ్చింది. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి, గీత పెట్టి కొలిచింది.

"గుండె సైజు మామూలుగానే ఉందండి" అంది డాక్టరుగారు. "కుడివైపు ఊపిరితిత్తిలో చిన్న నిమ్ము ఉంది, అది మందులకి తగ్గుతోంది. కాళ్ళ వాపు ఎక్కువసేపు వేలాడేసి కూర్చోవడం వల్ల కావచ్చు. ఎందుకైనా మంచిది, గుండె డాక్టరుగారు వచ్చాక స్కాన్ కూడా చేయిద్దాం. ఈలోపు మంచం మీద కట్టిపడెయ్యాల్సిన పని లేదు. అందరిలాగే ఉప్పు తినండి, మరీ ఉప్పుచేపలే తినకండి. నెల రోజులు బరువులెత్తొద్దు. కూర్చుని అమ్ముకోండి."

అబ్బులు అప్పటికే ఫోన్ తీశాడు. "పిన్నీ, మీ అమ్మాయిని ఆదివారం రావొద్దని చెప్పండి. అమ్మ బల్ల అమ్మకే" అంటూ బయటికి నడిచాడు.

రత్నం తాంబూలం తెచ్చి అత్త చేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. చెప్పకుండా పంపేస్తే ఇంక ఎప్పటికీ చెప్పలేనని ఆవిడకి తెలుసు.

"అత్తా, ఇదంతా నావల్లే. మొన్న నిన్ను కిందకి నడిపించడం తప్పనిపించి మిషను పైకి తెచ్చాను. నీకు గౌరవం చేశాననుకున్నాను. ఆ ఫిల్ము వల్లే నీకు గుండె జబ్బన్నారు."

పెద్దింట్లమ్మ ఆవిడ మొహంలోకి చూసి అడిగింది. "నాలుగు రోజులు చప్పిడి కూడు నీవల్ల తిన్నానా?"

"అవునత్తా."

"నేను చచ్చిపోతన్నాననుకున్నానే."

రత్నం కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పెద్దింట్లమ్మ పమిట కొంగుతో వాటిని గట్టిగా, చేపని తుడిచినట్టు తుడిచేసింది. "ఏడవకు. నాలుగేళ్ళు నన్ను చూడ్డానికి రాకపోయినా ఊరుకుందును. నిన్ను ఆ రోజు బస్సెక్కించింది నాకు మర్యాదలు చేస్తావని కాదే. నీ పని నువ్వు సరిగ్గా చేస్తావని. ఇంకెప్పుడూ ఆ బండి నా మంచం దగ్గరికి తేకు. నేను లెగలేని రోజు ఒకటొస్తది. ఆ రోజు తీసుకురా. ఆ రోజు ఎవర్నీ అడక్కు."

"అలాగే అత్తా" అంది రత్నం.

పెద్దింట్లమ్మ కుర్చీ వైపు చూడలేదు. అరటిపళ్ళు బుల్లియ్య చేతిలో పెట్టి, మొగుడి భుజం మీద చెయ్యి వేసి, లిఫ్ట్ దాకా నడిచే వెళ్ళింది.